బాపుకి ఎల్1 బరస్ట్ ఫ్రాక్చర్: నావిగేషన్ ఆపరేషన్ కోసం హైదరాబాద్ తీసుకెళ్ళాలా?

తాటివనం | సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా బాపు గీత కార్మికుడు, వయసు 52. శనివారం పొద్దున తాడెక్కి దిగుతుంటే మోకు జారింది. పిరుదుల మీద పడ్డాడు. 108 లో పట్టణంలోని ఆస్పత్రికి తెచ్చాం.

సీటీ తీశారు. నడుము పైభాగంలో ఎల్1 అనే పూస పగిలిందట. బరస్ట్ ఫ్రాక్చర్ అన్నారు. ఒక ఎముక ముక్క వెనక్కి వచ్చి వెన్నుపాము ఉండే దారిని 40 శాతం దాకా మూసిందని రిపోర్టులో ఉంది. దేవుడి దయవల్ల కాళ్ళు రెండూ కదుపుతున్నాడు, మూత్రం మామూలుగానే వస్తోంది.

ఇక్కడి డాక్టరు గారు స్క్రూలు, రాడ్లు వేయాలి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్ కింద చూస్తూ చేస్తాం, ఆరోగ్యశ్రీలో అవుతుంది అంటున్నారు. మా బావ మాత్రం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో కనుక్కున్నాడు. అక్కడ కంప్యూటర్ నావిగేషన్‌తో చేస్తారట, స్క్రూ తప్పే ప్రసక్తే లేదన్నారట. దానికి సొంత డబ్బు కట్టాలి. మా అమ్మ అప్పుడే పుస్తెలతాడు తీసి చేతిలో పెట్టింది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?

డల్లాస్_తెలుగు | సోమవారం, రాత్రి 10:31

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. నా మాట వింటే హైదరాబాద్ తీసుకెళ్ళు. ఇక్కడ మా ఆఫీసులో ఒకాయనకి నడుము ఆపరేషన్ రోబోతో చేశారు, మూడో రోజు ఇంటికొచ్చాడు. వెన్నుపాము పక్కన చేసే పని అది. అంచనా మీద చేసే చేతులకి, మిల్లీమీటర్లతో చూపించే మెషీన్‌కి తేడా ఉండదా? డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. కావాలంటే కొంత నేను సర్దుతాను, మెసేజ్ పెట్టు.

వెన్నుపూస_డాక్టర్ | సోమవారం, రాత్రి 11:15

నేను విశాఖలో వెన్నెముక సర్జన్‌ని. బాపుని చూడకుండా ఫోరమ్‌లో నిర్ణయం చెప్పలేను, కానీ మీ డాక్టరుతో ఏం మాట్లాడాలో చెప్పగలను.

ముందు ఈ రాత్రి సంగతి. ఆయన్ని కూర్చోబెట్టకండి. పక్కకి తిప్పాలంటే నలుగురు కలిసి తల, భుజాలు, నడుము, కాళ్ళు ఒకేసారి, దుంగని దొర్లించినట్టు తిప్పాలి. కాళ్ళలో బలం తగ్గినా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా వెంటనే డ్యూటీ డాక్టర్ని పిలవండి. అప్పుడు ఇది రేపటి పని కాదు, ఆ రాత్రికే చేయాల్సిన పని.

రెండోది. నావిగేషనా, సీ-ఆర్మా అన్నది తర్వాతి ప్రశ్న. అసలు ఆపరేషన్ అవసరమా అన్నది మొదటి ప్రశ్న. ఇలాంటి దెబ్బలకి మేము టీఎల్ఐసీఎస్ అనే లెక్క వాడతాం, 2005 లో వచ్చింది. పూస బరస్ట్ అయితే 2 మార్కులు. నరాలు బాగుంటే 0. వెనకవైపు పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు తెగితే 3, తెగాయేమో అని అనుమానమైతే 2, బాగుంటే 0. మొత్తం 3 లోపైతే మామూలుగా బెల్టుతో, విశ్రాంతితో నయం చేస్తాం. 5, ఆపైన అయితే ఆపరేషన్. 4 అయితే సర్జన్ విచక్షణ.

కాబట్టి మీ బాపు విషయంలో అంతా ఆ లిగమెంట్ల మీద ఉంది. సీటీలో ఎముక బాగా కనిపిస్తుంది, లిగమెంట్లు సరిగ్గా కనిపించవు. ఎమ్మారై తీశారా?

తాటివనం | సోమవారం, రాత్రి 11:24

తీయలేదు సార్. రేపు పొద్దున్నే అడుగుతాను.

లెడ్_ఏప్రన్ | మంగళవారం, ఉదయం 6:05

నేను రేడియోగ్రాఫర్‌ని, ఓటీలో సీ-ఆర్మ్ నడిపే పని. పదకొండేళ్ళయింది. డల్లాస్ అన్నగారు "అంచనా మీద" అన్నారు కదా, ఆ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. సీ-ఆర్మ్ కింద ఎవరూ అంచనా మీద చేయరు.

పేషంట్‌ని బోర్లా పడుకోబెడతారు. నేను మెషీన్‌ని ఆ పూసకి సరిగ్గా ఎదురుగా తేవాలి. పూస పై అంచు రెండు గీతలుగా కాకుండా ఒకే గీతగా కనపడాలి, వెనక ముల్లులా పొడుచుకొచ్చిన ఎముక సరిగ్గా మధ్యలో ఉండాలి. అప్పుడు రెండు పక్కలా రెండు గుండ్రటి నీడలు కనిపిస్తాయి, మనిషి ముఖంలో కళ్ళలాగా. అవే పెడికల్స్. స్క్రూ వెళ్ళే దారి అది. వెనక నుంచి ముందు పూసలోకి ఎముకతో చేసిన గొట్టం అనుకోండి. ఆ గొట్టం లోపలి గోడకి అవతల వెన్నుపాము.

సర్జన్ సూది ఆ కన్నుకి బయటి అంచు దగ్గర పెట్టి మెల్లగా లోపలికి పంపుతారు. నేను ఒకసారి ఎదురు నుంచి, ఒకసారి పక్క నుంచి బొమ్మ ఇస్తాను. ఒక నియమం ఉంది: పక్క బొమ్మలో సూది మొన పూస వెనక గోడ దాటేవరకు, ఎదురు బొమ్మలో అది కన్ను లోపలి అంచు దాటకూడదు. ముందే దాటితే వెన్నుపాము వైపు వెళ్తోందని అర్థం, ఆపి సరిచేస్తారు. నేను మెషీన్ ఐదు డిగ్రీలు వంకరగా పెడితే ఈ లెక్కంతా తప్పుతుంది. అందుకే ప్రతి బొమ్మకీ నా గుండె కొట్టుకుంటుంది.

నావిగేషన్ కూడా చూశాను, ఇంతకుముందు పనిచేసిన చోట ఓ-ఆర్మ్ ఉండేది. ముందు ఒక పూస ముల్లుకి చిన్న క్లాంప్ బిగిస్తారు, దాని మీద మెరిసే బంతులు ఉంటాయి. ఓ-ఆర్మ్ పేషంట్ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి త్రీడీ బొమ్మ తీస్తుంది, అర నిమిషం లోపే. ఆ కాసేపు అనస్థీషియా డాక్టరు ఊపిరి ఆపి ఉంచుతారు, మేమంతా బయటికి లేదా తెర వెనక్కి వెళ్తాం. ఆ తర్వాత కెమెరా ఆ బంతుల్ని, సర్జన్ చేతిలోని పరికరం మీది బంతుల్ని చూస్తూ ఉంటుంది. తెర మీద పరికరం మొన పూసలో ఎక్కడుందో కదులుతూ కనిపిస్తుంది. కొత్తగా ఎక్స్‌రే అక్కర్లేదు.

కానీ ఒకటి. తెర మీద కనిపించేది అప్పుడు తీసిన బొమ్మ, ఇప్పటి పూస కాదు. ఎవరి మోచేయి అయినా ఆ క్లాంప్‌కి తగిలి అది కాస్త కదిలిందంటే తెర మాత్రం నిశ్చింతగా తప్పు చూపిస్తూనే ఉంటుంది. మా సర్జన్ గారు ప్రతి స్క్రూకి ముందు పరికరం మొనతో కళ్ళకి కనిపిస్తున్న ఎముకని తాకేవారు. తెర మీద కూడా అక్కడే ఉందా అని చూసి, తేడా ఉంటే మొత్తం బొమ్మ మళ్ళీ తీయించేవారు.

తాటివనం | మంగళవారం, మధ్యాహ్నం 3:40

ఎమ్మారై అయింది. రిపోర్టు చదివి చెప్పారు: వెనక లిగమెంట్లు తెగాయి. వెన్నుపాములో వాపు ఏమీ లేదు.

వెన్నుపూస_డాక్టర్ | మంగళవారం, సాయంత్రం 7:20

2 + 0 + 3 అంటే 5. ఆపరేషన్ అన్న మీ డాక్టరు మాట సరైనదే. లిగమెంట్లు తెగాక ఒక్క బెల్టు మీద వదిలేస్తే వెన్ను ముందుకి వంగిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. స్క్రూ గొట్టంలో ఎంత సరిగ్గా కూర్చుందో కొలవడానికి గెర్ట్జ్‌బైన్-రాబిన్స్ గ్రేడ్లు వాడతాం. పూర్తిగా లోపల ఉంటే ఎ. 2 మిల్లీమీటర్లలోపు గోడ దాటితే బి. మామూలుగా ఈ రెండింటినీ ఒప్పుకుంటాం. ఆపైన సి, డి, ఇ.

2007 లో 130 అధ్యయనాలు, 37,337 స్క్రూలు కలిపి ఒక పెద్ద లెక్క వేశారు. బతికున్న పేషంట్లలో నావిగేషన్‌తో సుమారు 95 శాతం స్క్రూలు సరిగ్గా పడ్డాయి, అది లేకుండా సుమారు 90 శాతం. తేడా నిజం, నేను కాదనను. కానీ రెండు విషయాలు చూడండి. నావిగేషన్ ఉన్నా నూటికి నూరు రాలేదు, కాబట్టి "తప్పే ప్రసక్తే లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండోది, తప్పిన స్క్రూలన్నీ పేషంట్‌కి హాని చేయవు. చాలావరకు ఒకటి రెండు మిల్లీమీటర్లు గోడ తాకి ఊరుకుంటాయి.

మీ బాపుకి స్క్రూలు పడేది పగిలిన పూసకి పైనున్న డీ12, కిందున్న ఎల్2, బహుశా ఎల్1 లో కూడా. ఆ భాగంలో గొట్టాలు వెడల్పు, సీ-ఆర్మ్‌లో చక్కగా కనపడతాయి. సన్నటి మనిషి అయితే ఇంకా స్పష్టం. రోజూ ఈ పని చేసే సర్జన్‌కి ఇది కొత్త కాదు. ఇలాంటి ఫ్రాక్చర్‌కి కేవలం మెషీన్ కోసం, కదిలే పూసతో ఉన్న మనిషిని అంబులెన్స్‌లో మూడు గంటలు తిప్పి, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టమని నేను చెప్పను.

సర్జన్ అనుభవం మీద మీకు అనుమానం ఉంటే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు తప్పకుండా మార్చండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, ఆరోగ్యశ్రీ చెల్లుతుంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు.

డల్లాస్_తెలుగు | మంగళవారం, రాత్రి 8:02

డాక్టరు గారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. చేతులు చాలితే అన్ని కోట్లు పెట్టి ఆ మెషీన్లు ఎందుకు కొంటున్నారు?

ఓరుగల్లు | మంగళవారం, రాత్రి 9:18

దీనికి నేను జవాబు చెప్తాను, నా ఒంటి మీద జరిగింది కాబట్టి.

నాలుగేళ్ళ కింద బైక్ ప్రమాదంలో నాకు డీ5 విరిగింది, భుజాల మధ్య. ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. కాళ్ళు బాగానే ఉన్నాయి, కానీ రెండో రోజు నుంచి ఛాతీకి ఒకవైపు ఇనుప పట్టీ బిగించినట్టు మంట. గాయం నొప్పి, తగ్గుతుంది అన్నారు. పది రోజులు అదే మాట. మా అన్న పట్టుబట్టి సీటీ తీయించాడు. ఒక స్క్రూ గొట్టం లోపలి గోడ పగలగొట్టుకుని నరం మీద ఉంది.

ఇంకో చోట నావిగేషన్‌తో ఆ స్క్రూ తీసి మార్చారు. మంట ఆ సాయంత్రానికే సగం తగ్గింది. ఆ కొత్త డాక్టరు గారు నాకు బొమ్మ చూపించి చెప్పారు: వీపు పైభాగంలో ఈ గొట్టం వెడల్పు 4, 5 మిల్లీమీటర్లే ఉంటుంది, స్క్రూ కూడా దాదాపు అంతే. భుజాలు అడ్డొచ్చి పక్క ఎక్స్‌రేలో ఆ పూసలు సరిగ్గా కనపడవు కూడా. అక్కడ నావిగేషన్ నిజంగా పనికొస్తుందని అన్నారు.

అప్పటినుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే. ఏ మెషీన్ అని అడగడం కంటే, స్క్రూలన్నీ వేశాక సరిగ్గా ఉన్నాయని ఎప్పుడు, దేనితో చూస్తారు అని అడగండి. నాకు ఆ పది రోజులు ఎవరూ చూడలేదు. అందుకే కోపం.

వెన్నుపూస_డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:05

ఓరుగల్లు గారి అనుభవానికి చాలా బాధగా ఉంది. మీరు చెప్పిన ప్రశ్న నేను వినాలనుకున్న ప్రశ్న.

డల్లాస్ గారూ, మీకు జవాబు ఆయన మాటల్లోనే ఉంది. వీపు పైభాగం, మెడ, వంకర తిరిగిన వెన్ను, ఇంతకుముందే ఒకసారి ఆపరేషన్ అయి గుర్తులు చెరిగిపోయిన వెన్ను, లావుపాటి ఒళ్ళు, ఎముక బాగా పలచబడి సీ-ఆర్మ్‌లో అంచులు మసకబారినవాళ్ళు. వీళ్ళకి నావిగేషన్ ఉన్నచోట చేయించుకోవడం మంచిది. ఇంకొకరున్నారు: ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళు. వాళ్ళ వెన్ను వెదురుబొంగులా ఒకటిగా అతుక్కుపోయి ఉంటుంది. మంచం మీంచి జారినా అడ్డంగా విరుగుతుంది, మామూలు ఎక్స్‌రేలో తరచూ కంటికి చిక్కదు. పైన, కింద చాలా పూసలకి స్క్రూలు కావాలి, ఎముక గుర్తులు ఏవీ దొరకవు. అలాంటి కేసు వస్తే నేనే నావిగేషన్ ఉన్నచోటికి తీసుకెళ్ళి చేస్తాను.

ఓ-ఆర్మ్ చేసే ఇంకో పెద్ద మేలు: కుట్లు వేయకముందే ఇంకో చుట్టు తిప్పి స్క్రూలన్నీ చూసుకోవచ్చు. ఏదైనా వంకరగా ఉంటే అప్పుడే మార్చేస్తాం. అది లేనిచోట ఆపరేషన్ తర్వాత, అనుమానం వచ్చిన మొదటి రోజే సీటీ తీయాలి.

గోదారిపిల్ల | బుధవారం, ఉదయం 7:45

ఈ చర్చలో అడగొచ్చో లేదో తెలియదు, కానీ ఇది కూడా బొమ్మ చూస్తూ చేసే పనే కదా. మా అమ్మకి 74, రాజమండ్రి. నీళ్ళ బిందె దించుతుంటే నడుము కలుక్కుమంది, డీ12 అణిగిపోయింది. నెల రోజులు మంచం. అప్పుడు చర్మం మీద చిన్న గాటుతో, సీ-ఆర్మ్‌లో చూస్తూ సూది పంపి సిమెంట్ ఎక్కించారు. మర్నాడు లేచి బాత్రూమ్‌కి తనే నడిచింది. నేను ఏడ్చేశాను. ఇప్పుడు మా పిన్నికి అదే వచ్చింది. వాళ్ళ డాక్టరు "ఇది పనిచేస్తుందని రుజువు లేదు, ఆగుదాం" అంటున్నారు. కళ్ళారా చూసిన నేను ఎలా నమ్మను?

వెన్నుపూస_డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:10

అడగొచ్చమ్మా.

పూసలోకి ఇలా సిమెంట్ ఎక్కించడాన్ని వర్టిబ్రోప్లాస్టీ అంటారు. అది 1984 లో ఫ్రాన్స్‌లోని ఆమియాఁలో మొదలైంది, మెడ పూసలో గడ్డ ఉన్న ఒక పేషంట్‌కి. తర్వాత ఎముకలు గుల్లబారి అణిగిన పూసలకి ప్రపంచమంతా వాడారు. 2009 లో ఒకేసారి రెండు పరీక్షలు వచ్చాయి, ఒకటి 131 మందితో, ఒకటి 78 మందితో. సగం మందికి నిజంగా సిమెంట్ ఎక్కించారు. మిగతా సగానికి మత్తు సూది గుచ్చి, అన్నీ అలాగే నటించారు. గదిలో ఆ సిమెంట్ వాసన రావాలని దాని సీసా కూడా తెరిచారు. రెండు వర్గాలకీ నొప్పి తగ్గింది, దాదాపు ఒకేలా.

2016 లో ఆస్ట్రేలియాలో 120 మందితో చేసినదాంట్లో, విరిగి ఆరు వారాలు దాటని, నొప్పి చాలా ఎక్కువగా ఉన్నవాళ్ళకి సిమెంట్ మేలు చేసింది. 2018 లో నెదర్లాండ్స్‌లో 180 మందితో చేసినదాంట్లో మళ్ళీ తేడా కనపడలేదు. అందుకే డాక్టర్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. మీ పిన్ని డాక్టరు గారు తప్పు చెప్పలేదు.

మీ అమ్మగారు లేచి నడిచింది నిజం. అది సిమెంట్ వల్లనా, అప్పటికి ఎముక అతుక్కునే సమయం రావడం వల్లనా అని ఒక్క మనిషిని చూసి తేల్చలేం.

గోదారిపిల్ల | బుధవారం, మధ్యాహ్నం 2:30

మీరు చెప్పింది అర్థమైంది డాక్టరు గారూ. కానీ నెల రోజులు అమ్మకి బెడ్‌పాన్ పెట్టినదాన్ని నేను. ఆ మర్నాటి ఉదయాన్ని యాదృచ్ఛికం అనుకోవడం నావల్ల కాదు. పిన్నికి ఎన్ని వారాలైందో కనుక్కుని, నొప్పి ఎంతుందో చూసి మాట్లాడతాను.

లెడ్_ఏప్రన్ | బుధవారం, మధ్యాహ్నం 2:55

అక్కా, ఒకవేళ చేయిస్తే ఒక్క సంగతి. సిమెంట్ ఎక్కించేటప్పుడు చుక్క చుక్కకీ పక్క బొమ్మ చూడాలి. పలచగా ఉన్నప్పుడే తోస్తే సిరల్లోకి జారి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. వెనక గోడ వైపు పాకుతున్నట్టు కనిపిస్తే ఆపేస్తారు. మా దగ్గర సర్జన్ గారు సిమెంట్ టూత్‌పేస్టులా గట్టిపడేదాకా చేతిలో ఉంచుకుని చూసేవారు.

వెన్నుపూస_డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 3:20

ఇంకోటి, ఇది చాలా ఇళ్ళలో మర్చిపోతున్నారు. పూస తనంతట అణిగిందంటే మిగతా పూసలు కూడా అదే స్థితిలో ఉన్నాయని అర్థం. మీ అమ్మగారికి ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీశారా? టీ-స్కోర్ మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. దానికి మందులు, ఏడాదికి ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉన్నాయి. సిమెంట్ వేసి మందు ఇవ్వకపోతే పక్క పూస వంతు వస్తుంది. అలాగే మన దగ్గర అణిగిన ప్రతి పూసా వయసు వల్ల కాదు. టీబీ, మైలోమా అనే రక్త క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి. అనుమానం ఉంటే అదే సూదితో ముక్క తీసి పరీక్షకి పంపాలి.

గోదారిపిల్ల | బుధవారం, సాయంత్రం 5:02

డెక్సా తీయలేదు. ఎవరూ చెప్పలేదు. ఈ వారమే అమ్మని, పిన్నిని ఇద్దర్నీ తీసుకెళ్తాను.

తాటివనం | బుధవారం, రాత్రి 8:40

ఇక్కడి డాక్టరు గారితో అరగంట కూర్చున్నాను. ఓరుగల్లు అన్న చెప్పిన ప్రశ్నే మొదట అడిగాను. కోపం వస్తుందేమో అని భయపడ్డాను, రాలేదు. కుట్లు వేయకముందు సీ-ఆర్మ్‌ని రెండు వైపులా తిప్పి ప్రతి స్క్రూ చూస్తాను, మర్నాడు సీటీ తీయిస్తాను అన్నారు. ఇలాంటి ఆపరేషన్లు నెలలో ఎన్ని చేస్తారో కూడా చెప్పారు. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్ళే వాటిలో చాలామంది అట. ఇక్కడే చేయిస్తున్నాం. రేపు పొద్దున మొదటి కేసు. అమ్మ పుస్తెలతాడు మెడలోనే ఉంది.

డల్లాస్_తెలుగు | బుధవారం, రాత్రి 8:58

మంచి నిర్ణయం తమ్ముడూ. నేను తొందరపడి రాశాను. రేపు ఇక్కడ రాత్రి అవుతుంది, అయినా మేలుకునే ఉంటాను. అవ్వగానే ఒక్క మాట పెట్టు.

తాటివనం | గురువారం, మధ్యాహ్నం 2:15

అయింది. బాపు బొటనవేళ్ళు రెండూ కదిపాడు.

నడక_ఫిజియో | గురువారం, సాయంత్రం 6:30

చాలా సంతోషం. మంచం మీద ఉన్నప్పుడే పాదాలు పైకి కిందికి ఆడిస్తూ ఉండమనండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. సర్జన్ గారు సరే అన్నాక, లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కాళ్ళు మంచం కిందికి దించి, చేతులతో ఆనుకుని లేవాలి. వెల్లకిలా పడుకుని తిన్నగా లేవకూడదు. బెల్టు వేసుకుని మొదటి రోజుల్లో పావుగంట కూర్చున్నా చాలు. ముందుకి వంగి చెంబు అందుకోవడం, కింద కూర్చోవడం మూడు నెలలు వద్దు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే ఇప్పుడే కమోడ్ కుర్చీ కొని ఉంచండి.

తాటివనం | ఆదివారం, ఉదయం 10:20

మర్నాటి సీటీలో ఐదు స్క్రూలు పూర్తిగా లోపల, ఒకటి ఒక మిల్లీమీటర్ బయటి వైపు. బి గ్రేడ్ అన్నారు, ఏమీ చేయనక్కర్లేదట. నిన్న బెల్టుతో కూర్చున్నాడు. కమోడ్ కుర్చీ కొన్నాను.

బాపు అడిగిన మొదటి మాట, మళ్ళీ తాడు ఎప్పుడెక్కొచ్చు అని. డాక్టరు గారు ఇక వద్దు అన్నారు. గోడ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు. చెట్టెక్కేటప్పుడు పడిపోకుండా 2024 లో ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్ష కిట్ మా ఊళ్ళో కొందరికి వచ్చింది, మాకు వస్తే బాగుండేది. తమ్ముడు కూడా ఎక్కుతాడు. వాడికోసం సంఘంలో అడుగుతున్నాను.

లెడ్_ఏప్రన్ | ఆదివారం, ఉదయం 11:05

తమ్ముడూ, ఎక్సైజ్ స్టేషన్‌లో ప్రమాదం సంగతి రాతపూర్వకంగా ఇచ్చావా? డిశ్చార్జ్ కాగితాలతో పాటు సీటీ, ఎమ్మారై సీడీలు కూడా అడిగి తీసుకో. ఆర్నెల్ల తర్వాత ఎవరికి చూపించినా మొదటి బొమ్మ ఉంటేనే స్క్రూ కదిలిందో లేదో తెలుస్తుంది.

తాటివనం | ఆదివారం, ఉదయం 11:12

స్టేషన్‌లో సోమవారమే ఇచ్చాం అన్నా. సీడీల సంగతి నాకు తెలియదు. ఇప్పుడే కిందికి వెళ్ళి అడుగుతాను.